కొండనీరు దిగే దారిలో సైకిల్



విశాఖపట్నం నుంచి భీమిలికి సముద్రం ఒడ్డునే పోయే రోడ్డు 24, 25 కిలోమీటర్లు ఉంటుంది. బస్సెక్కితే గంటలోపు దిగిపోతాం. ఆ రోడ్డు మీద, భీమిలి దాటి ఇంకాస్త ఉత్తరానికి, నగరం దాటి ఇంకాస్త దక్షిణానికి సైకిల్ తొక్కడం గురించి ఈ పూట మాట్లాడతాను. సైకిల్ తొక్కితే గుండెకు మంచిదని, షుగర్ అదుపులో ఉంటుందని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. వాళ్ల మాట వినండి. నా మాట మన నేల గురించి. ఈ తీరాన్ని కొండల మీంచి దిగే నీరు కట్టింది, కోసింది, మళ్లీ కట్టింది. ఆ సంగతి పుస్తకం చదివినా తెలుస్తుంది. సైకిల్ తొక్కితే తొడలకు తెలుస్తుంది. తొడలకు తెలిసింది అంత సులభంగా మరిచిపోం.

తీరం వెంట రోడ్డు ఈశాన్యానికి పోతుంది. తూర్పు కనుమల కొండవాగులన్నీ, అంటే ఇక్కడివాళ్లు గెడ్డలనేవన్నీ, పడమటి నుంచి వచ్చి సముద్రంలో పడతాయి. కాబట్టి రోడ్డు ప్రతి గెడ్డనూ అడ్డంగా దాటాలి. గెడ్డ దగ్గరికి దిగుతాం, తూము దాటుతాం, అవతలి మిట్ట ఎక్కుతాం, మళ్లీ దిగుతాం. కార్లో ఉన్నప్పుడు ఈ ఎక్కుడుదిగుళ్లను ఇంజను మింగేస్తుంది. సైకిల్ మీద అయిదు మీటర్ల ఎత్తు కూడా దాగదు. ఇక్కడ నీరు దిగింది, అందుకే నువ్వు ఎక్కుతున్నావు అని ప్రతి మిట్టా చెబుతుంది.

ముందు నగరం దక్షిణపు కొస చూద్దాం. డాల్ఫిన్స్ నోస్ కొండ అక్కడ సముద్రంలోకి చొచ్చుకుపోయి నిట్టనిలువుగా ఆగుతుంది. దాని చాటున, మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసేచోట, ఒకప్పుడు పోటుకు మునిగి పాటుకు తేలే బురద నేల ఉండేది. ఆ బురద తవ్వి ఓడరేవు చేశారు. 1933లో రేవు తెరిచారు. కట్టే రోజుల్లో అలల దెబ్బ కాయడానికి రెండు పాత ఓడలను కావాలని ముంచి అడ్డుపెట్టారు. ఇప్పుడు క్రేన్లు, ఖనిజం కుప్పలు, చమురు ట్యాంకులు కనిపిస్తున్న చోట చాలాభాగం ఆనాటి చిత్తడే. గాజువాక నుంచి ఊళ్లోకి తొక్కుకుంటూ వస్తే ఆ సంగతి ఇంకా తెలుస్తుంది. ఎంతదూరం తొక్కినా నేల బల్లపరుపు. పక్కకు తిరిగి యారాడ కొండ దారి పట్టామా, మొదటి మలుపులోనే చిన్న గేరులోకి రావాలి. అరగంట తేడాలో చిత్తడి, కొండ, సముద్రం మూడూ కాళ్ల కిందికొచ్చే ఊళ్లు మన దేశంలో ఎన్నో లేవు.

ఇక ఉత్తరానికి. ఆర్కే బీచ్‌లో తెల్లవారుజామున నడిచేవాళ్ల కోసం రోడ్డు కొంతమేర బళ్లకు మూసేస్తారు. ఆ వేళ అక్కడ చక్రం చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేకుండా పోవచ్చు. జోడుగుళ్లపాలెం దాటి తెన్నేటి పార్కు దగ్గరికి వచ్చేసరికి కైలాసగిరి ఎడమ భుజానికి దగ్గరవుతుంది. కుడివైపు రాళ్లు, కింద నీళ్లు. కొండకూ సముద్రానికీ మధ్య రోడ్డుకు మాత్రమే చోటుంది. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి లంగరు తెగి కొట్టుకొచ్చింది ఈ రాళ్ల మీదికే.

ఇక్కడ సైకిల్ దిగి కొండకోత దగ్గరికి వెళ్లి చూడండి. రాయి తుప్పు రంగులో, పొరలు పొరలుగా, ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. దీన్ని ఖొండలైట్ అంటారు. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు. కోణార్క గుడి కట్టింది ఈ రాతితోనే. దగ్గరగా చూస్తే ఊదా ఎరుపులో చిన్న చిన్న గింజలు కనిపిస్తాయి. అవి గార్నెట్లు. వానకూ ఎండకూ ఈ రాయి లోపల ఉన్న ఫెల్డ్‌స్పార్ మెత్తబడి బంకమన్ను అవుతుంది. ఇనుము గాలి సోకి ఎర్రబడుతుంది. క్వార్ట్జ్, గార్నెట్ మాత్రం అరగకుండా ఇసుకగా మిగులుతాయి. ఈ మూడింటినీ గుర్తుపెట్టుకోండి. బంకమన్ను, ఎరుపు, ఇసుక. దారి పొడవునా మనం కలుసుకునేవి ఇవే.

రుషికొండ దాకా రోడ్డు ఎక్కడం, దిగడం. హోటళ్లు, కాలేజీలు, భవనాలు. అక్కడ ఎక్కువసేపు ఆగాలని నాకెప్పుడూ అనిపించదు. తిమ్మాపురం దాటాక ఊపిరి వదులుగా వస్తుంది.

గాలి గురించి ఇక్కడే చెప్పాలి. కొత్తగా తొక్కేవాళ్లు కొండలకు భయపడతారు. ఈ తీరంలో అసలు లెక్క గాలిది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి తీరం వెంటే వీస్తుంది. భీమిలి వెళ్లేటప్పుడు వీపు మీద చెయ్యి వేసి తోస్తుంది, తిరిగొచ్చేటప్పుడు ఆ చెయ్యే రొమ్ము మీద పడుతుంది. దసరా దాటాక గాలి తిరుగుతుంది. అప్పుడు వెళ్లడం కష్టం, రావడం సుఖం. గాలి కదలని వేళ గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతున్న మనిషికి అంతే వేగంతో ఎదురుగాలి తగిలిందనుకోండి. ఒంటిని తాకే గాలివేగం రెట్టింపు అవుతుంది. అది ఆపే బలం మాత్రం నాలుగింతలవుతుంది. అందుకే వెళ్లేటప్పుడు గాలి వాటంగా ఉంటే సంబరపడి దూరం పోకూడదు, సగం సత్తువ తిరుగుదారికి దాచుకోవాలి. రోజులోనూ గాలికి వేళలున్నాయి. తెల్లవారుజామున నేల మీంచి సన్నటి గాలి సముద్రం వైపు పోతుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రం మీంచి గాలి లేస్తుంది. అయిదింటికి బయలుదేరితే ఆ రెండు గాలుల సందులో భీమిలి చేరిపోవచ్చు.

తొట్లకొండ ఎక్కకుండా పోవద్దు. బీచ్ రోడ్డు విడిచి ఎడమకు తిరిగితే కొండమీదికి తారురోడ్డు ఉంది. ఎత్తు 128 మీటర్లు. వంద మీటర్ల దారికి ఎనిమిది మీటర్లు లేచిందంటే ఎనిమిది శాతం వాలు. గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తుంది. అలాంటి చోట లేచి నిలబడి తొక్కాలని కాళ్లు తొందరపెడతాయి. వినకండి. సీటు మీదే కూర్చుని, చిన్న గేరులో, పెడల్ గుండ్రంగా తిరిగేలా, మాట్లాడగలిగినంత ఊపిరి మిగుల్చుకుంటూ ఎక్కండి. మాట తడబడిందంటే వేగం ఎక్కువైందని అర్థం.

పైన బౌద్ధ విహారం పునాదులున్నాయి. తన స్థావరం కోసం నౌకాదళం ఆకాశం నుంచి సర్వే చేస్తున్నప్పుడు ఇవి కంటబడ్డాయి. 1980ల చివర్లో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు మొదలుపెట్టింది. స్తూపాలు, భిక్షువుల గదులు, శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. రెండువేల ఏళ్ల కిందట ఈ కొండ నుంచి ఓడలు చూసిన మనుషులున్నారు. నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు నిలబెట్టేవి రాతిలో తొలిచిన నీటి తొట్లు. కొండనెత్తిన ఊట లేదు. పడ్డ వాన పడ్డట్టే కిందికి పోతుంది. వాళ్లు ఆ నీటిని దారిలోనే పట్టుకున్నారు. బండమీద జారే నీరు తొట్టిలోకి చేరేలా వాలు చూసుకుని తొలిచారు. సీసాలో నీళ్లు సగానికి వచ్చి, చొక్కా ఒంటికి అంటుకుని పైకి చేరినవాడికి ఆ పనితనం విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. బావికొండ, భీమిలి పక్కన పావురాలకొండ కూడా ఇలాంటివే. ఆ విహారాలన్నీ వాన నీటి మీద బతికినవి.

కొండ దిగేటప్పుడు బ్రేకు పట్టి ఉంచకండి. పట్టి వదలండి, పట్టి వదలండి. మలుపుల్లో ఇసుక పేరుకుని ఉంటుంది. సైకిల్ ఒరిగి ఉన్నప్పుడు ఇసుక మీద ముందు బ్రేకు నొక్కితే చక్రం జారిపోతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించుకుంటే ఆ బాధ లేదు.

మంగమారిపేటలో రాతి కమాను చూడటానికి చాలామంది ఆగుతారు. అలలు రాతిని కింద నుంచి తొలిచి, పైభాగాన్ని వంతెనగా మిగిల్చాయి. చూడవలసిందే. ఈ పల్లెల్లో రోడ్డు అంచున నెత్తళ్లు, కవళ్లు ఎండబోసి ఉంటాయి. సైకిల్ వాళ్లు అంచు పట్టుకుని పోయే అలవాటుతో వాటి మీదికి ఎక్కించేస్తారు. ఒకింటి వాళ్ల రోజు కష్టం అది. అక్కడ రోడ్డు మధ్యకు జరగండి, వెనక బండి వస్తుంటే ఆగండి.

ఈ దారిలో పంక్చర్లకు మేకుల కంటే పల్లేరు కాయలు ఎక్కువ కారణం. ఇసుక నేల మొక్క అది, కాయ ఎటు పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది. సన్నటి టైరు వేసుకుని, నిండా గాలి కొట్టించుకుని వచ్చిన నాకు భీమిలి దగ్గర ఒక సైకిల్ షాపు పెద్దాయన పాఠం చెప్పాడు.

"ఏటి బాబూ, ఈ రోడ్డుకి ఇంత గాలా? కాస్త దించండి. మెత్తగా ఉంటేనే టైరు నేలని పట్టుకుంటాది."

"తగ్గిస్తే పంక్చర్ ఎక్కువ కాదా తాతా?"

"మరీ తగ్గిస్తే రిమ్ము కొరికేస్తాది. మరీ ఎక్కిస్తే ఎగిరెగిరి పడతాది. బొటనవేలితో నొక్కితే కొంచెం దిగాల."

ఆయన ట్యూబును నీళ్ల బేసినులో ముంచి బుడగ చూశాడు. అతుకు వేసే ముందు టైరు లోపలి అంచంతా వేలితో మెల్లగా తడిమాడు. ముల్లు తగిలేదాకా తడిమాడు. ట్యూబు అతికి ముల్లు టైరులోనే వదిలేస్తే అరకిలోమీటరు పోకముందే మళ్లీ చక్రం కూలబడుతుంది. ఉప్పు సంగతీ ఆయనే చెప్పాడు. సముద్రపు గాలి తాకిన గొలుసును ఇంటికి రాగానే మంచినీటి గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, నూనె వెయ్యాలి. రెండు రోజులు ఆలస్యమైతే గొలుసు ఎర్రబడి గేర్లు మొరాయిస్తాయి.

ఎర్రబడటం అన్నాను కదా, ఎర్రమట్టి దిబ్బలకు వచ్చేశాం.

భీమిలికి కొంచెం ముందు, నేరెళ్లవలస దగ్గర, సముద్రానికీ రోడ్డుకీ పక్కన ఈ దిబ్బలు లేస్తాయి. తాటిచెట్లు, జీడిమామిడి, సరుగుడు తోపుల మధ్య ఒక్కసారిగా నేల చీలి, లోపల ఎర్రటి గోడలు. భూగర్భ సర్వే సంస్థ శాస్త్రవేత్త విలియం కింగ్ 1886లోనే వీటి గురించి రాశాడు. 2014లో ఆ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో తిరుమల కొండలతో పాటు వీటికీ చోటు దొరికింది. ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడు దక్షిణ తీరంలోనూ, శ్రీలంకలోనూ ఉన్నాయి.

ఇవి పుట్టిన తీరును శాస్త్రవేత్తలు ఇలా చెబుతారు. మంచుయుగం ముదిరిన కాలంలో, సుమారు 20 వేల ఏళ్ల కిందట, సముద్ర మట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి పోయింది. తీరం చాలా దూరం వెనక్కి తగ్గింది. బయటపడ్డ ఇసుకను గాలి ఎత్తి ఒడ్డున పోసింది. కొండల నుంచి గెడ్డలు కూడా తమ వంతు తెచ్చిపోశాయి. ఆ ఇసుకలోని ఇనుపఖనిజాలు వేల ఏళ్ల వానలకు కరిగి, రేణువు రేణువుకూ ఎర్రటి పూత పట్టింది. తర్వాత అదే వాన ఆ దిబ్బలను కోయడం మొదలుపెట్టింది. తెన్నేటి పార్కు దగ్గర రాతిలో చూసిన ఇనుము, ఇసుక ఇవే. ఊరు మారి వచ్చి ఇక్కడ కూర్చున్నాయి.

సైకిల్ రోడ్డు పక్కనే తాళం వేసి నడిచి లోపలికి వెళ్లండి. చక్రాలు లోపలికి తీసుకుపోవద్దు. ఈ గోడలు రాయి కాదు, పూత బలంతో నిలబడ్డ ఇసుక. వేలితో గీస్తే రాలుతుంది. చక్రం పోయిన గాడిలోకి తొలకరి నీరు దారి చేసుకుంటుంది, రెండు వానల్లో ఆ గాడి కాలువ అవుతుంది. నేను గోడ అడుగున కూర్చుని ఒక చిన్న పాయను చూస్తూ ఉండిపోయాను. వాన వెలిసి కాసేపయింది. పైనుంచి చేతి వెడల్పు నీరు దిగుతోంది. తెచ్చిన ఇసుకను విసనకర్ర ఆకారంలో పరిచి, దానిమీదే మళ్లీ కొత్త పాయగా చీలి ముందుకు పోతోంది. భీమిలి పక్కన సముద్రంలో కలిసే గోస్తనీ నది మొత్తం చేసే పని అరచేయంత మేర కళ్లముందు జరుగుతోంది.

2024లో ఈ దిబ్బల పక్కన యంత్రాలతో నేల చదును చేయడం మొదలైతే శాస్త్రవేత్తలు, ఊరివాళ్లు, విద్యార్థులు అడ్డుపడ్డారు. వాళ్లు చేసింది చాలా మంచి పని. ఎందుకంటే, ప్రకటించిన హద్దు లోపల ఉన్న దిబ్బను మాత్రం కాపాడి, దానికి నీరు తెచ్చే పైవాలును చదును చేస్తే దిబ్బ నిలవదు. నీరు వేరే దారిన వస్తుంది, ఎక్కడ కోయాలో అదే నిర్ణయించుకుంటుంది.

భీమిలి పాత ఊరు. డచ్చివాళ్ల సమాధులున్నాయి, గడియారస్తంభం ఉంది. 1861లోనే పురపాలక సంఘం వచ్చింది. ఇక్కడి ఇసుకలో అల వెనక్కి తగ్గినప్పుడు నల్లటి, ఊదా ఎరుపు చారలు పడతాయి. నల్లటిది ఇల్మెనైట్, ఎర్రటిది గార్నెట్. చేటలో బియ్యం చెరిగినట్టు, తేలికైన ఇసుకను అల లాక్కుపోయి బరువైన గింజలను వదిలిపెడుతుంది. కొండరాతిలో చూసిన ఊదా గింజ సముద్రం దాకా వచ్చేసింది.

ఊరి పక్కనే గోస్తనీ సముద్రంలో కలుస్తుంది. అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల దగ్గర మొదలైన నది ఇది. వంతెన ఎక్కితే లోపలి వైపు మడచెట్లు, పాటు వేళ బయటపడే బురద, ఆ బురదలో నిలబడి వెతుక్కునే కొంగలు కనిపిస్తాయి. మనం వెతికిన బంకమన్ను ఇక్కడుంది. ఫెల్డ్‌స్పార్ మెత్తబడి అయిన మన్ను నీటిలో తేలుతూ ఇంతదూరం వచ్చి, ఉప్పునీరు తగలగానే గడ్డకట్టి కిందికి దిగుతుంది. మడచెట్ల వేళ్లు దాన్ని పట్టుకుంటాయి. రొయ్యపిల్లలు, చేపపిల్లలు ఎదిగేది ఆ వేళ్ల సందుల్లోనే.

వంతెన దాటి భోగాపురం, కోనాడ వైపు సాగితే కొండలు పడమటికి జరుగుతాయి. చంపావతి కోనాడ దగ్గర సముద్రంలో పడుతుంది. ఈ మేర పోటునీరు ఎక్కే పర్ర నేలలు, తాటితోపులు, కొబ్బరి. ఎక్కుడు లేదు కదా అని సుఖపడేలోపు గాలి దొరకబుచ్చుకుంటుంది. చాటు ఇచ్చే కొండ లేదు. నలుగురు కలిసి వెళ్తే ఒకరి వెనక ఒకరు, చక్రానికీ చక్రానికీ మధ్య మూర దూరం ఉంచి, వంతులవారీగా ముందుకు వచ్చి గాలిని కాచుకోవాలి. ఒంటరిగా వెళ్తే మోచేతులు వంచి, నడుం వంచి, ఓపిక పట్టాలి. దారిపక్క అమ్మ ఎవరో కుండలో చోడి అంబలి పెట్టుకుని కూర్చుని ఉంటే ఆగండి. ఉల్లిపాయ, మజ్జిగమిరపకాయతో ఒక లోటా తాగితే చెమటలో పోయిన ఉప్పు తిరిగి చేరుతుంది. ఈ ఉక్కలో చెమట ఆరదు, ఒంటి వేడి తగ్గదు. దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

నగరానికి దక్షిణాన అచ్యుతాపురం, అనకాపల్లి వైపు వెళ్లేవాళ్లకు కొండకర్ల ఆవ ఉంది. ఇది మంచినీటి చిత్తడి. కొండలు చుట్టూ నిలబడి తమ నీరంతా మధ్యలోకి వదులుతాయి. తామరాకులు, తుంగ, నీటికోళ్లు. రెండు తాటిదోనెలు జతకట్టి జనాన్ని తిప్పుతారు. చలికాలం ఉదయం వెళ్లండి. పరిశ్రమల లారీలు తిరిగే దారి కాబట్టి వెనక ఎర్రదీపం, ముందు తెల్లదీపం పగలు కూడా వెలిగించుకోండి.

మళ్లీ బీచ్ రోడ్డుకు వద్దాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. కైలాసగిరి, కంబాలకొండ మీద చెట్లు ఒక్క రోజులో మోడులయ్యాయి. బీచ్ రోడ్డును సముద్రం చాలాచోట్ల కొరికేసింది. ఆ తర్వాత ఈ దారిన తొక్కినవాళ్లు ఒకటి చూసి ఉంటారు. ఇసుకమేట, మొగలిపొద, సరుగుడు మిగిలిన చోట రోడ్డు చాలావరకు మిగిలింది. అలకు ఎదురుగా గోడ కట్టి నిలబెట్టిన చోట గోడ కింద ఇసుక జారిపోయి రోడ్డు కుంగింది.

ఇప్పుడు భోగాపురం విమానాశ్రయం కోసం ఈ తీరపు రోడ్డును ఆరు వరసలకు పెంచే ఆలోచనలు నడుస్తున్నాయి. రోడ్డు పెరగాల్సిందే, ఊళ్లకు అవసరం. ఆ పని చేతికొచ్చిన ఇంజనీర్లను, అధికారులను ఈ రేడియో ద్వారా అడుగుతున్నాను. గీత గీసే ముందు ఒక ఉదయం విశాఖ నుంచి గోస్తనీ వంతెన దాకా సైకిల్ తొక్కండి. ఎక్కడ దిగారో అక్కడ నీరు పోతుందని గుర్తుపెట్టుకుని, అక్కడ మట్టికట్ట వేయకుండా వెడల్పాటి తూములు పెట్టండి. పర్ర మీద రోడ్డును స్తంభాల మీద ఎత్తండి, పోటునీరు లోపలికీ బయటికీ ఆడనివ్వండి. ఎడమ అంచున రెండు మీటర్లు సైకిళ్లకు విడవండి, దాని అంచు వెంట కడ్డీలు నాటండి. లేకపోతే ఆ జాగాలో కార్లు నిలబెడతారు. పాలక్యాన్లు, చేపలబుట్టలు కట్టుకుని రోజూ తొక్కేవాళ్లు ఈ రోడ్డు మీద ఇప్పటికీ ఉన్నారు. సెలవురోజు సరదాకు వచ్చే మాకంటే ముందు ఆ రెండు మీటర్లు వాళ్లవి.